చూసినవాడు చెబితే

గణపతికి గైడ్ అని ఎవరు పేరు పెట్టారో తెలియదు గానీ, వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. పదిహేడేళ్ళుగా మస్కట్‌లో ఉన్నాను. మా ఆసుపత్రి వాళ్ళు ఏడాదికోసారి స్టాఫ్‌ని బస్సెక్కించి ఏదో ఒక కోటకి తీసుకెళ్తారు. తెల్లటి దిష్‌దాషా వేసుకున్న గైడ్ ఇక్కడ ఖైదీలుండేవారు, ఈ కంతలోంచి శత్రువుల మీద కాగే ఖర్జూరపు పాకం పోసేవారు అని పాపం ఎండలో గొంతు చించుకుంటాడు. మేం ఫొటోలు దిగుతాం. బస్సెక్కేసరికి అన్నీ మర్చిపోతాం. గణపతి చూపించిన చోటు మాత్రం ఎంత మర్చిపోదామన్నా మర్చిపోలేకపోతున్నాను.

అతనుండేది అల్ హైల్ వెనకాల, బళ్ళు బాగుచేసే షెడ్ల వరస దాటాక, ఒక పాత లేబర్ క్యాంపులో. ఒకప్పుడు అందులో నాలుగొందల మంది ఉండేవారు. ఇప్పుడు గణపతి ఒక్కడే. కంపెనీ మూతపడి మూడేళ్ళయింది. స్థలం చేతులు మారిందట, కూలగొట్టేదాకా కాపలా ఉండమన్నారట, ఉన్నాడు. ఈ మూడేళ్ళలో అక్కడ బతికినవాళ్ళు, అక్కడ పోయినవాళ్ళ తమ్ముళ్ళు, బావమరుదులు ఒక్కొక్కరే వెతుక్కుంటూ వచ్చి మావాడు ఎక్కడ పడుకునేవాడు చూపించమని అడుగుతారు. చూపిస్తాడు. అలా గైడయ్యాడు.

నా పేరు మణికుమారి, మాది పాలకొల్లు దగ్గర. స్టాఫ్ నర్సుని. నాకు కోపం ఎక్కువని మా ఆయన స్యాం దగ్గర్నించి వార్డులో పేషెంట్ల దాకా అందరూ అంటారు. అననీండి. గణపతి దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది శ్రీలత. కాదు, కారు నాదే కాబట్టి నేనే తీసుకెళ్ళాను.

శ్రీలత మా వార్డులో క్లీనింగ్ చేస్తుంది. పాతికేళ్ళుంటాయి. జగిత్యాల వైపు పిల్ల, డిగ్రీ చదివింది. డిగ్రీ చదివి ఇక్కడికొచ్చి నేల తుడవడమేంటే అని మొదట్లోనే ఒకసారి కడిగేశాను. నవ్వి ఊరుకుంది. ఒకరోజు, "మా అవ్వకు పానం బాగలేదక్కా" అంది. ముసలావిడ కదా, ఏదో ఒకటి ఉంటుందిలే అన్నాను. వయసెంత అంటే నలభై ఎనిమిది అంది. అవ్వకి నలభై ఎనిమిదేంటి, నీకేమన్నా మతిపోయిందా అని కసిరాక తెలిసింది, వాళ్ళవైపు అవ్వ అంటే అమ్మ అని.

ఫోన్‌లో రిపోర్టు చూపించింది. రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్ష చేశారు, అది మంచి గడ్డ కాదు. నాలుగు నెలల కిందటి తేదీ. ఒళ్ళు మండిపోయింది నాకు.

"నాలుగు నెలల్నించి ఏం చేస్తున్నారే? ఆపరేషన్ చేయించలేదా?"

"చేయించుకోనంటది అక్కా. కాయితం మీద మా బాపు సంతకం పెట్టాలెనంటది."

"మరి పెట్టమను."

"బాపు లేడు. ఈ మస్కట్లనే చనిపోయిండు. ఆరేండ్లాయె."

చీపురు గోడకి ఆనించి అప్పుడు చెప్పింది మొత్తం. వాళ్ళ నాన్న పేరు దేవయ్య. మొదట వేరే దేశం వెళ్ళాడు. అక్కడ కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయ్యాడు. అంటే వీసా లేకుండా దొంగచాటుగా పనిచేసేవాళ్ళని గల్ఫ్‌లో అందరూ అనే మాట అది. దొరికాడు, వేలిముద్రలు తీసుకుని పంపేశారు. ఇంకోసారి గల్ఫ్ గడప తొక్కడానికి లేకుండా పోయింది. ఏజెంటు మరి ఘనుడు కదా, గంగారాం అని వేరే పేరుతో పాస్‌పోర్టు చేయించి ఒమాన్ ఎక్కించాడు. ఇక్కడ తొమ్మిదేళ్ళు గంగారాంగా పనిచేశాడు. కరోనా ఏడు క్యాంపు గేటు మూసేసినప్పుడు జబ్బు పడ్డాడు. ఒకరోజు అదే క్యాంపులో ఉండే గణపతి వాళ్ళింటికి ఫోన్ చేసి, "దేవయ్యన్న పోయిండు" అన్నాడు.

శ్రీలత ఎత్తింది ఫోన్. పోయిండు అనగానే గుండెలు బాదుకుంది. వాళ్ళమ్మ యాదవ్వ ఫోన్ లాక్కుని, "యాడికి పోయిండు?" అని అడిగింది. "ఏమో వదినె, తెల్వది" అని వినిపించింది, కట్టయిపోయింది. అంతే. విమానాలు లేవు, శవం రాలేదు. కొన్నాళ్ళకి ఒక కాగితం వచ్చింది, గంగారాం అనే మనిషి మరణించాడని. యాదవ్వ ఆ కాగితాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదట. నా మొగుడు దేవయ్య, గంగారాం ఎవడో నాకేం తెలుసు అందట. మళ్ళీ కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయ్యాడు, దొరుకుతానని భయపడి ఫోన్ చెయ్యట్లేదు, ఏదో ఒకరోజు వస్తాడు అని కూర్చుంది. ఒకసారి అలా చేసినవాడే కదా! ఆరేళ్ళుగా బొట్టు తియ్యలేదు, పుస్తెలు తియ్యలేదు, దినం చెయ్యనివ్వలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాగితం ఇస్తారు కదా, అందులో భర్త అని ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద శ్రీలత సంతకం పెడతానంటే యాదవ్వ మంచం దిగి వచ్చేసిందట. మొగుడు బతికుండగా బిడ్డ చేత సంతకం పెట్టిస్తే నేనే ఆయన్ని చంపినట్టు అంది. ఎంతమంది చెప్పినా ఒకటే మాట.

"సూసినోడు చెప్తే నమ్ముత. కాయితం చెప్తే నమ్మ."

ఆ చూసినవాడి కోసమే శ్రీలత ఈ పనిలో చేరి వచ్చింది. గణపతి పాత నంబరు పనిచెయ్యలేదు. మూడు నెలలు వెతికింది. చివరికి హమ్రియాలో కిరాణా కొట్టు ఖమరుద్దీన్, "గణపతా? గైడ్ గణపతా?" అని అల్ హైల్ దారి చెప్పాడు.

ఇక్కడ సెలవు శుక్రవారం, మా ప్రార్థనా ఆ రోజే. చర్చి అయ్యాక వెళ్దామన్నాను. ముందురోజు సాయంత్రం మా చిన్నాన్న కూతురు సెలిన్ వీడియో కాల్ చేసింది. అది జర్మనీలో నర్సు. యుద్ధకాలంలో యూదుల్ని బంధించి చంపిన క్యాంపుని ఇప్పుడు స్మారకంగా ఉంచారట, దాని స్నేహితులతో వెళ్ళి చూసొచ్చింది. గైడ్ ఒకావిడ మూడు గంటలు తిప్పి చూపించిందట. "తెలిసింది తెలుసంటుంది, తెలియంది తెలియదంటుంది అక్కా. ఒక్క మాట కల్పించదు" అంది. రేపు నేనూ ఒక క్యాంపు చూడబోతున్నానే అని నోరు జారాను. అది మనుషుల్ని చంపడానికి కట్టిన చోటు, ఇది పనివాళ్ళు పడుకోవడానికి కట్టిన చోటు. రెండూ ఒకటని నేననను, ఇంకెవరన్నా అంటే ఊరుకోను. మాట ఒకటే అవడం వల్ల వచ్చిన తిప్పలు. సెలిన్ మాత్రం, "జాగ్రత్తగా వెళ్ళిరా" అంది.

శుక్రవారం పదకొండున్నరకి చేరాం. రేకుల గోడ, తుప్పు పట్టిన గేటు. హారన్ కొడితే ఒక సన్నటి మనిషి తాళాల గుత్తితో వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఇస్త్రీ చేసిన పాత కంపెనీ చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు కుట్లు విప్పేసి ఉంది.

"ఏ ఊరు?" అన్నాడు ముందు. పేరు కాదు, ఊరు.

"రాయికల్ దగ్గర కాకా. దేవయ్య బిడ్డను."

తాళంచెవి గొలుసు దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. "మీ బాపు ముక్కే" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. గేటు తీసి, "రా బిడ్డా. మొదటి సంది చూపెడ్త" అన్నాడు.

నేను చెప్పబోయాను, మాకు క్యాంపంతా అక్కర్లేదు బాబూ, ఒక్క ముక్క కావాలి అని. శ్రీలత నా చెయ్యి పట్టుకుంది. సరే, చూపించు తండ్రీ అనుకుని నడిచాను.

ఎలా చెప్తాడనుకున్నారు! గోడ కనిపిస్తే గోడ చెప్తాడు. "ఇది లైను కట్టే జాగ. పొద్దుగాల నాలుగున్నరకు బస్సు. ఎనుక పడ్డోడు ఆనాడు డ్యూటీ లేనట్టే. ఇదో, ఈ మూలకు కోరుట్ల పోషన్న నిలవడుతుండె, రోజూ ఎనుకనే." వంటగదిలో ఇరవై నాలుగు పొయ్యిలు వరసగా, మసి పట్టి ఉన్నాయి. అతను వాటిని నంబర్లతో పిలవడు. ఇది మెట్‌పల్లోళ్ళ పొయ్యి, ఇది నిర్మలోళ్ళది, ఇది బెంగాలోళ్ళది అంటాడు. "బాబు మియా ఎండుచేపలు వండిండంటే మా నిర్మలోళ్ళు లొల్లి లొల్లి. మల్ల గిన్నె పట్కోని ముందుగాల పోయెటోళ్ళు వాళ్ళే" అని నవ్వాడు. శ్రీలత కూడా నవ్వింది. ఆరేళ్ళ తర్వాత వాళ్ళ నాన్న తిరిగిన చోట తిరుగుతోంది కదా, ఆ పిల్ల కళ్ళు అన్నిటినీ తాగేస్తున్నాయి.

దారిలో అతని సంగతి కూడా కొంత తెలిసింది. అడిగితేనే చెప్తాడు, అదీ రెండు ముక్కల్లో. ఇరవై మూడేళ్ళ కిందట నాలుగు నెలల కూతుర్ని వదిలి వచ్చాడు. తాపీ కింద కూలీగా మొదలుపెట్టి, నడుము పడిపోయాక క్యాంపు ఊడ్చేపనికి మారాడు. అందుకే ప్రతి గదీ తెలుసు. ఆ కూతురికిప్పుడు ఇద్దరు పిల్లలు. పాస్‌పోర్టు తేదీ ఎప్పుడో దాటింది, వీసా లేదు, ఇప్పుడు అతనూ ఖల్లివెల్లే. మధ్యలో ప్రభుత్వం మాఫీ ఇచ్చి వెళ్ళేవాళ్ళని వెళ్ళమంది. ఎందుకెళ్ళలేదు మరి అని గదిమాను.

"నేను పోతే వచ్చినోళ్ళకు ఎవలు చూపెడ్తరు మేడం?"

"ఇది కూలగొట్టేస్తే?"

"వచ్చే నెలల అంటున్రు" అన్నాడు, అక్కడితో ఆపేశాడు. తర్వాత ఎక్కడికి వెళ్తాడో అతనికే తెలియదు, నన్ను అడిగితే నేనేం చెప్తాను?

మూడో లైనులో ఐదో గది. చెప్పులు విడవమన్నాడు. ఖాళీ గది, దుమ్ము, అయినా విడిచాం. ఆరు ఇనప మంచాలు, కిందా పైనా పన్నెండు మంది. వేలు చూపిస్తూ పన్నెండు పేర్లూ, పన్నెండు ఊళ్ళూ చెప్పాడు. ఎవరికి గురక, ఎవరికి సిగరెట్టు, ఎవరు ఫోన్‌లో పెళ్ళాంతో పోట్లాడేవాడు, అన్నీ. ఎక్కడా తడుముకోలేదు.

"ఇది మీ బాపుది. మోకాళ్ళ నొప్పులని కింది మంచం ఇచ్చినం."

మంచం పక్క గోడ మీద పెన్సిల్ రాత. పెద్దగా చదువుకోని చెయ్యి, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. లత పదోది. లత ఇంటర్ ఒకటి. లత ఇంటర్ రెండు. లత డిగ్రీ. ఆ తర్వాత ఏమీ లేదు. శ్రీలత వంగి ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టింది. వార్డులో రోజూ చావులు చూసేదాన్ని, ఆ నాలుగు ముక్కలు చదివి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"ఈ మంచం మీదనే పోయిండా కాకా?" అంది శ్రీలత.

గణపతి ఏసీ గురించి మొదలెట్టాడు. ఆ ఏసీ ఏ ఏడు పెట్టారో, ఎన్నిసార్లు చెడిపోయిందో.

ఇంక నావల్ల కాలేదు. "ఏమండీ గణపతిగారూ! ఆ పిల్ల ఏమడుగుతోంది, మీరేం చెప్తున్నారు? అందరి సంగతులూ కాచి వడపోసినట్టు చెప్తున్నారే, వాళ్ళ నాన్న దగ్గరికొచ్చేసరికి ఏసీ ఎందుకు అడ్డొచ్చింది?"

గడప మీద కూలబడ్డాడు. తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను సూడలె బిడ్డా" అన్నాడు.

"ఏం చూడలె?"

"మీ బాపు సచ్చిపోంగ నేను సూడలె. ఎవ్వలం సూడలె."

అప్పుడు చెప్పాడు. మే నెల, ఇరవై రెండో తారీకు, పొద్దున పదకొండు గంటలు. దేవయ్యకి అప్పటికి ఆరు రోజుల్నించి జ్వరం. గేటుకి గొలుసేసి ఉంది. అంబులెన్సు వచ్చింది. మొహాలు కనబడని తెల్లబట్టల వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. గణపతి గేటు దాకా వెళ్ళాడు, దాటనివ్వలేదు. ఏ ఆసుపత్రికి అని అడిగితే వాళ్ళ భాష ఇతనికి అర్థం కాలేదు. వెంటనే రాయికల్‌కి ఫోన్ చేశాడు.

"దేవయ్యన్న అంబులెన్సుల దవాఖానకు పోయిండు అని చెప్దామని చేసిన. సిగ్నల్ ఉంటదా పోతదా, సగం మాటలే ఇనవడ్డయి గావచ్చు. పోయిండు అనంగనే నువ్వు మొత్తుకోవట్టినవు. వదినె యాడికి పోయిండు అన్నది, ఏ దవాఖాననో నాకు తెల్వది గదా, తెల్వదన్న. కట్టయింది."

శ్రీలత గోడకి ఆనుకుని నిలబడింది. "అంటే, నువ్వు ఫోన్ చేసిననాడు బాపు బతికే ఉండెనా?"

"ఉండె బిడ్డా. పదకొండు దినాలకు కంపెనీకి కాయితమొచ్చింది, గంగారాం పోయిండని. గంగారామంటే దేవయ్యన్ననే, మా రూమోళ్ళందరికి ఎర్కే. మల్ల ఫోన్ చేద్దామని చేతిల పట్టుకున్న. చేసి ఏమనాలె? వాళ్ళు అప్పుడే ఏడ్సిన్రు, దినాలు గూడ చేసి ఉంటరు. ఒక్క మనిషి రెండుసార్లు సచ్చిండని ఎట్ల చెప్పాలె అనుకున్న. చెయ్యలె."

ఒక్క మాట. మా వైపు కూడా అంతే, పోయాడు అంటే పోయాడే, ఇంక అడగడానికేం ఉండదు. చచ్చిపోయాడు అనడానికి నోరు రాక అందరం వాడే మాట. నిజంగా నడిచి వెళ్ళినవాడికి కూడా అదే మాట. ఆ పిల్ల పదకొండు రోజులు ముందే ఏడ్చింది. ఆ తల్లి ఆరేళ్ళయినా ఏడవలేదు.

శవాన్నయినా ఎవరన్నా చూశారా అన్నాను. లేదు మేడం, మేం లోపల్నే ఉంటిమి, వాళ్ళే కానిచ్చిన్రు అన్నాడు. శ్రీలత కింద కూర్చుండిపోయింది. మూడు నెలలు నేలలు తుడిచి వెతుక్కుంటూ వచ్చింది చూసినవాడి కోసం. చూసినవాడు లేడు.

నాకు ఒకటే తోచింది. నర్సుకి ఇంకేం తోస్తుంది? "గణపతిగారూ, దేవయ్యగారు చనిపోయారా, లేదా?"

"పోయిండు మేడం. అండ్ల అనుమానం లేదు."

"అయితే చూశానని చెప్పండి. ఫోన్ కలుపుతాం. ఈ మంచం మీదే పోయాడు, నా చేతుల్లో పోయాడు అనండి."

"నేను చూపెట్టేదాంట్ల ఒక్క ముచ్చట అబద్ధం ఉండది మేడం. గందుకే నమ్మి వస్తరు."

"మీ నిజం తగలెయ్య!" అని అరిచాను. ఫోన్ తీసి రిపోర్టు అతని ముఖం ముందు పెట్టాను. అతనికి ఆ ఇంగ్లీషు ఏం తెలుస్తుంది? తెలుగులో చెప్పాను. గడ్డ ఎంతుంది, ఇప్పుడు తీస్తే ఏమవుతుంది, ఇంకో రెండు నెలలు ఆగితే ఎక్కడెక్కడికి పాకుతుంది. ఆవిడ మీ నోటి మాట కోసం ఆగిందండీ అన్నాను. పొద్దున్నే చర్చిలో అబద్ధ సాక్ష్యం పలకరాదని పది ఆజ్ఞలూ అప్పజెప్పి వచ్చి, మధ్యాహ్నమైందో లేదో ఒకరికి సాక్ష్యం నేర్పుతున్నాను. ప్రభువు క్షమించాలి, క్షమించకపోతే మానె.

శ్రీలత ఏమీ వాదించలేదు. "మా అవ్వ బతుకుతది కాకా" అంది, అంతే.

అతను చాలాసేపు ఆ గోడ మీద రాత వైపు చూశాడు. "చెప్త తియ్" అన్నాడు.

ఎక్కువ మాట్లాడొద్దు, రెండు ముక్కలు చాలు అని మరీమరీ చెప్పాను. శ్రీలత వీడియో కాల్ కలిపింది. యాదవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది, ఒళ్ళో చాట. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు. మనిషి చిక్కిపోయింది, నా కళ్ళకి తెలుస్తుంది కదా. గణపతిని చూడగానే చాట పక్కన పెట్టి కొంగు సర్దుకుంది.

"గణపతేనా? ముసలోనివైనవు గదనయ్యా."

"అయిన వదినె." "వదినె, దేవయ్యన్న పోయిండు. సచ్చిపోయిండు. నేను నా కండ్లతోని చూసిన."

కొంగు సర్దుకునే వేళ్ళు ఆగిపోయాయి.

"నీ కండ్లతోని?"

"ఆఁ. ఇదో, ఈ మంచం మీదనే. నిద్రలనే పోయిండు."

"నోట్లె నీళ్ళు పోసినవా?"

"పోసిన వదినె."

యాదవ్వ పెదవులు బిగబట్టింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నమ్మింది! శ్రీలత నా భుజం గట్టిగా పట్టుకుంది. మనసులో నేను ఆసుపత్రి, తేదీ, కరీంనగర్‌లో తెలిసిన డాక్టరు, అన్నీ లెక్కేసేస్తున్నాను. ఒక అమ్మ ఏడుస్తుంటే సంతోషించడం నా జన్మలో అదే మొదలు.

కాసేపటికి యాదవ్వ ముక్కు తుడుచుకుని, "పోయెటప్పుడు నన్ను యాది చేసిండా? ఏమన్న అన్నడా?" అని అడిగింది.

అది మేం అనుకోలేదు. ఏ పెళ్ళామైనా అడిగే మాటే, ఆ ముక్క నాకు తట్టనే లేదు. లేదు, ఏమీ అనలేదు అంటే సరిపోయేది. నేను చెయ్యి ఊపుతున్నాను, ఏమీ లేదని చెప్పమని. కానీ ఆవిడ అలా ఏడుస్తూ అడుగుతుంటే లేదని చెప్పలేకపోయాడు ఆ పిచ్చి మనిషి. ఆవిడకి ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నాడు. కల్పించడం చేతకాదు. అతని దగ్గరున్నది నిజంగా విన్న మాట ఒక్కటే.

"అన్నడు వదినె. పోయస్త గణపతీ, అన్నడు."

అనేశాక అతనికి తెలిసింది ఏమన్నాడో. గేటు దగ్గర అంబులెన్సెక్కుతూ దేవయ్య అన్న మాట అది, వెళ్ళొస్తానని.

యాదవ్వ ఏడుపు ఆగింది. "పోయస్త అన్నడా?"

"వదినె..."

"సచ్చెటోడు పోయస్త అంటడా గణపతీ? బైటికి పోయెటోడంటడు." ఫోన్‌కి దగ్గరగా జరిగింది. "నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు. పండుకోని పోయిండా, నడుసుకుంట పోయిండా?"

నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అతను నా వైపు చూడలేదు. నాలుగు నెలల పిల్లగా వదిలి వచ్చిన కూతురు మీద ఒట్టు అది.

"నడుసుకుంటనే పోయిండు వదినె."

"మరి!" అంది యాదవ్వ. చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ ముఖం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. "ఆరేండ్ల సంది ఈ మాట కడుపుల పెట్టుకోని కూసున్నవా నాయనా? అప్పుడే చెప్తే నాకింత పికరుండునా? ఇన్నవా లతా? నీ బాపు పోయస్త అన్నడట. వస్తడు. దవాఖాన్ల సంతకం ఆయనే పెడ్తడు."

"అవ్వా, అవన్నీ పోయెటప్పుడు అందరనే మాటలే..." అంటూ శ్రీలత ఫోన్ అందుకునేలోపే కట్టయింది.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. గణపతి రెండు చేతులతో తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తిడదామని నోరు తెరిచాను. ఎవరిని తిట్టను? అబద్ధం చెప్పమన్నది నేనే. నిజం చెప్పినందుకు తిట్టనా? పదిహేడేళ్ళు దాటిన సర్వీసులో ఎన్నో కేసులు చేజారడం చూశాను, ఇలా సంతోషంగా చేజారిన కేసు చూడలేదు.

పది నిమిషాలకి ఫోన్ మోగింది. వాళ్ళమ్మే. ఈసారి గడపలో ఆవిడ ఒక్కతే లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ మొగుడు చచ్చాడని చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్ళే అయ్యుంటారు. యాదవ్వ జుట్టు దువ్వుకుని ఉంది.

"లతా, గణపతికియ్యి ఫోను" అంది. తర్వాత పక్కవాళ్ళ వైపు తిరిగి, "ఆయన పోయస్త అన్నడట. సూసినోడు చెప్తడు, ఇనుండ్రి" అంది.

గణపతి ఫోన్ తీసుకోలేదు. శ్రీలత ముఖంలోకి చూశాడు. ఆ పిల్ల వాళ్ళమ్మని చూస్తోంది. ఆ నవ్వు ఎన్నేళ్ళయిందో చూసి.

"చెప్పు కాకా" అంది శ్రీలత.